కట్ట కింద మన ఇండ్లు



మన పత్రికలో యాత్రల గురించి చాలామంది రాస్తా ఉంటారు. తిరుపతి, శ్రీశైలం, మంత్రాలయం, ధర్మస్థల అన్నీ వచ్చినాయి. నేను రాసేది అంత దూరం యాత్ర కాదు. సిటీ బస్సు పాసు ఒకటి, కాళ్ళకు గట్టి చెప్పులు ఉంటే చాలు. మన బెంగళూరులోనే ఉండే చెరువు కట్టల గురించి రాస్తాను. చూడ్డానికి వీటిలో పెద్ద వింత ఏమీ లేదు. మట్టి, గడ్డి, రాళ్ళు, అంతే. కానీ గట్టి వాన పడిన రాత్రి మనం నిద్రపోతామా, లేక బియ్యం డబ్బా అటక మీద పెట్టి మంచం మీద కాళ్ళు ముడుచుకొని కూర్చుంటామా అనేది ఆ మట్టి కట్టల మీదనే ఉంది. మిల్లులు మూతపడినాక మనవాళ్ళు చాలామంది చేతికొచ్చిన డబ్బుతో అగ్గువగా దొరికిన చోట సైట్లు కొన్నారు. అగ్గువ సైటు అంటే ఎక్కువగా పల్లంలో ఉండే సైటే. పల్లానికి పైన ఎక్కడో ఒక కెరె, దానికొక కట్ట ఉంటాది. అందుకే ఇది మన ఇంటి విషయం అనుకొని చదవండి.

టాంక్ బండ్ రోడ్డు

ముందు మెజెస్టిక్‌లో దిగండి. బస్టాండు నుంచి కాటన్‌పేట వైపు నడిస్తే ఒక రోడ్డు వస్తాది. దాని పేరు టాంక్ బండ్ రోడ్డు. మిల్లు పనికి పోయే వాళ్ళు ఎన్ని వేల సార్లు నడిచినారో ఆ రోడ్డు మీద. టాంకు ఏదీ, బండు ఏదీ అని అడిగినవాళ్ళు తక్కువ.

టాంకు ఉండిన చోటనే ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు ఉంది. దాని పేరు ధర్మాంబుధి కెరె. 1537లో కెంపేగౌడ బెంగళూరు కోట, పేట కట్టించినప్పుడు ఊరి చుట్టూ చెరువులు కూడా ఏర్పాటయినాయి. పేటకు నీళ్ళిచ్చిన చెరువుల్లో ధర్మాంబుధి ఒకటి. చాలా కాలం ఊరు ఆ నీళ్ళే తాగింది. 1890ల్లో హెసరఘట్ట నుంచి గొట్టాల్లో నీళ్ళు వచ్చినాక ధర్మాంబుధిని పట్టించుకునేవాళ్ళు తగ్గిపోయినారు. నీళ్ళు వచ్చే కాలువలు మూసుకుపోయినాయి, చెరువు ఎండింది, మైదానం అయింది. 1960ల్లో ఆ మైదానంలో బస్టాండు వచ్చింది. కట్ట పేరు మాత్రం రోడ్డు బోర్డు మీద మిగిలింది.

చెరువు పోయినా చెరువు పల్లం ఎక్కడికీ పోదు. గట్టి వాన పడితే మెజెస్టిక్ చుట్టుపక్కల నీళ్ళు నిలబడతాయి. మనం బస్సు రాలేదని తిట్టుకుంటాం. నీళ్ళు వాటి పాత ఇంటికి వచ్చినాయి, అంతే.

ధర్మాంబుధి ఒక్కటే కాదు. సంపంగి కెరె కంఠీరవ స్టేడియం అయింది. అక్కితిమ్మనహళ్ళి కెరె హాకీ స్టేడియం అయింది. చల్లఘట్ట కెరె గోల్ఫ్ ఆడే మైదానం అయింది. సంపంగి కెరెలో ఒక చిన్న నీళ్ళ తొట్టి లాంటిది మిగిల్చినారు, కరగ పండగ పూజకు అది కావాలి గనక. దేవుడికి కావాల్సినంత నీళ్ళు మిగిలినాయి.

నది లేని ఊరు

బెంగళూరు పక్కన పెద్ద నది లేదు. కావేరి నీళ్ళు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి మోటార్లతో ఎక్కించి తెస్తారు. ఊరు సముద్రానికి 900 మీటర్ల పైన ఒక మిట్ట మీద కూర్చుంది. మిట్ట మీద పడిన వాన మూడు పక్కలకు జారిపోతాది. ఒకటి వృషభావతి లోయ. ఇది పడమటికి, దక్షిణానికి పోయి అర్కావతిలో కలిసి, చివరకు కావేరిలో పడతాది. రెండోది కోరమంగల – చల్లఘట్ట లోయ. మూడోది హెబ్బాళ లోయ. ఈ రెండూ తూర్పుకు పోయి దక్షిణ పినాకినిలో కలుస్తాయి.

ఇక్కడ మనకొక చుట్టరికం ఉంది. దక్షిణ పినాకిని నంది కొండల్లో పుట్టి హొసకోట మీదుగా తమిళనాడుకు పోతాది. అవే నంది కొండల్లో ఉత్తర పినాకిని పుడతాది. అదే మన పెన్న. అనంతపురం, కడప, నెల్లూరు దాటి సముద్రంలో కలిసే పెన్న. ఒకే కొండ మీద పడిన వానలో కొంత బెంగళూరు పక్కకు, కొంత మన సీమకు పోతాది. మనం కూడా అట్లనే అటు కొందరం, ఇటు కొందరం పంచుకున్నాం కదా.

నది లేదు గనక పాతవాళ్ళు వాననే పట్టి పెట్టినారు. లోయకు అడ్డంగా ఒక మట్టి కట్ట వేస్తే పైన చెరువు నిలుస్తాది. అది నిండి పారిన నీళ్ళు కింద ఇంకో కట్ట దగ్గర నిలుస్తాయి. అది నిండితే ఇంకా కిందికి. ఇట్ల గొలుసు మాదిరి చెరువులు ఉంటాయి. ఒకదాని నుంచి ఒకదానికి పోయే పెద్ద కాలువను ఇక్కడ రాజకాలువ అంటారు. మనం ఇప్పుడు దాన్ని పెద్ద మోరీ అంటున్నాం.

కట్టలో ఏముంటాది

చిన్న కట్టే కదా, మట్టి కుప్ప పోస్తే సరిపోదా అనుకుంటారు. సరిపోదు. కట్ట నడుమ నీళ్ళు దూరని జిగట మట్టి వేయాలి. రెండు పక్కలా గరుసు మట్టి వేయాలి. జానెడు మందం వేసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, మళ్ళా జానెడు వేయాలి. వెనకటికి ఎద్దులను, దున్నలను తొక్కించేవాళ్ళు. నీళ్ళ పక్క అల కొట్టి మట్టి కొట్టుకుపోకుండా రాళ్ళు పరుస్తారు. ఎండు పక్క గడ్డి పెంచుతారు. అడుగున వెడల్పు, పైన సన్నం. నీళ్ళ బరువు అడుగున జాస్తి గనక అట్ల.

ఇంక రెండు ముఖ్యమైనవి ఉన్నాయి. ఒకటి తూము. కావాలన్నప్పుడు నీళ్ళు దించడానికి. ఇక్కడ కన్నడంలో తూబు అంటారు. రెండోది అలుగు. చెరువు నిండినాక మిగులు నీళ్ళు కట్ట మీదికి ఎక్కకుండా పక్క నుంచి పోవడానికి. మా అనంతపురం వైపు దాన్ని మరవ అంటారు, ఇక్కడ కోడి అంటారు. మట్టి కట్టకు ప్రాణం ఈ అలుగులోనే ఉంది. సిమెంటు డ్యామ్ మీద నీళ్ళు పొర్లినా కొంతసేపు తట్టుకుంటాది. మట్టి కట్ట మీద నీళ్ళు పొర్లితే అది చక్కెర ముద్ద మాదిరి కరిగిపోతాది.

ఈ కట్టలు ఎవరు వేసినారు? రాజుల పేర్లు, పాళెగాళ్ళ పేర్లు రాతి మీద ఉన్నాయి. గంప మోసినవాళ్ళ పేర్లు లేవు. ఆ పని చేసినవాళ్ళల్లో చాలామంది మన వడ్డెరలు. కర్ణాటకలో భోవి అంటారు. మట్టి పని వాళ్ళు కొందరు, రాతి పని వాళ్ళు కొందరు. తరాల తరబడి దక్షిణాదంతా తిరిగి చెరువులు, కాలువలు, రోడ్లు వేసినారు. కర్ణాటకలో స్థిరపడినా ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. మనవాళ్ళు ఈ ఊరికి మిల్లు కూత విని వచ్చినవాళ్ళు మాత్రమే కాదు. అంతకు ముందే పార, గంప పట్టుకొని వచ్చినవాళ్ళు కూడా.

కడప జిల్లాలో పోరుమామిళ్ళ అని ఊరు ఉంది. అక్కడ చెరువు దగ్గర ఒక రాతి శాసనం ఉంది. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించి శాసనం వేయించినాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళు పని జరిగిందని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన లక్షణాలు పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని కూడా లెక్క వేసి రాసినారు.

ఆ ఆరు దోషాలు వినండి. కట్టలో నుంచి నీళ్ళు ఊరడం. చవుడు నేల. రెండు రాజ్యాల హద్దు మీద ఉండడం. చెరువు నడుమ మిట్ట ఉండడం. నీళ్ళు తక్కువై కింద పారాల్సిన భూమి జాస్తి కావడం. భూమి తక్కువై నీళ్ళు జాస్తి కావడం. ఆరున్నర నూర్ల ఏండ్ల కింద రాసిన మాటలు ఇవి. ఇప్పటి బెంగళూరును చూసి రాసినట్టు ఉంటాయి. రెండు రాజ్యాల హద్దు అంటే ఏమి? రాజ్యం రెండైతే మరమ్మతు ఎవరిది, నీళ్ళు ఎవరివి అని తగువు. ఇప్పుడు చెరువు ఒక ఇలాఖాది, కాలువ ఇంకొకరిది, కట్ట మీద రోడ్డు మరొకరిది. మన రాజ్యం ఒక్కటే, హద్దులు మాత్రం చాలా. ఇంక ఆరో దోషం, భూమి తక్కువై నీళ్ళు జాస్తి కావడం. అది దినమూ చూస్తున్నాం.

కెంపాంబుధి, శాంకి

టాంక్ బండ్ రోడ్డు చూసినాక గవిపురం పోండి. గవి గంగాధరేశ్వర స్వామి దర్శనం చేసుకొని కెంపాంబుధి కెరెకు నడిచి పోవచ్చు. కెంపేగౌడ పేరు చెప్పి చూపించే నాలుగు గోపురాల్లో ఒకటి ఇక్కడ ఉంది. తక్కిన మూడు లాల్‌బాగ్ బండ మీద, అలసూరు కెరె దగ్గర, మేఖ్రి సర్కిల్ పక్కన ఉన్నాయి. కెంపాంబుధిలో నీళ్ళు ఇంకా ఉన్నాయి. మోరీ నీళ్ళు కలిసి రంగు, వాసన మారినాయి. అయినా కట్ట మీద నిలబడి ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క కిందికి ఇండ్ల కప్పులు చూడండి. నీళ్ళ మట్టం ఎక్కడ, మన ఇండ్ల గడప మట్టం ఎక్కడ అని ఒకసారి కంటితో కొలవండి. కట్ట అంటే ఏమో అప్పుడు తెలుస్తాది. పుస్తకం అక్కర్లేదు.

అక్కడ నుంచి మల్లేశ్వరం పోండి. రాజా మిల్లు ఉండిన చోట ఇప్పుడు పెద్ద మాల్ ఉంది. దాన్ని దాటుకొని పైకి పోతే శాంకి కెరె. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువు గురించి మన పెద్దోళ్ళు చెప్పేవాళ్ళు. మైసూరు రాజ్యం, మన సీమ రెండూ దానికి నాశనం అయినాయి. ఆ కరువు పోయినాక 1882లో కర్నల్ శాంకి అనే ఇంజనీరు ఈ చెరువు కట్టించినాడు. ఊరికి నీళ్ళ కొరత రాకూడదని. గంధపు చెక్కల కోటి దగ్గర ఉండేది గనక గంధద కోటి కెరె అని కూడా అంటారు. దాదాపు 37 ఎకరాలు. పద్దెనిమిదో క్రాసు నుంచి సదాశివనగర్ వైపు పోయే రోడ్డు కట్టను ఆనుకొనే పోతాది. పొద్దున పెద్దమనుషులు చెరువు చుట్టూ తిరుగుతా ఉంటారు. చెట్లు, గట్లు, రాతి మెట్లు బాగా పెట్టుకున్నారు. చూడ్డానికి సంతోషంగా ఉంటాది. పెద్దోళ్ళ పేటలో కట్టను ఎట్ల చూసుకుంటారో అక్కడ నేర్చుకోవచ్చు. మన పేటల పక్క కట్టలకు కూడా అదే గడ్డి, అవే రాళ్ళు, అదే కావలి చాలు.

ఒక చిన్న లెక్క

చెరువు వరదను ఎట్ల ఆపుతాది అని మా మనవడు అడిగినాడు. వాడికి చెప్పిన లెక్క ఇక్కడ కూడా రాస్తాను.

ఒక ఎకరా చెరువులో ఒక అడుగు ఖాళీ ఉంటే పన్నెండు లక్షల లీటర్లకు పైగా నీళ్ళు పడతాయి. 12,000 లీటర్ల ట్యాంకర్లు వంద అనుకోండి. పది ఎకరాల చిన్న కెరెలో మూడు అడుగులు ఖాళీ ఉంటే మూడు వేల ట్యాంకర్ల నీళ్ళు. ఇప్పుడు ఆ కెరెకు పైన నూరు ఎకరాల్లో ఇండ్లు, రోడ్లు ఉన్నాయి. అంతా సిమెంటు, ఒక్క చుక్క ఇంకదు. ఒక రాత్రి నాలుగు అంగుళాల వాన పడింది. ఆ నీళ్ళన్నీ కలిపితే సుమారు 3,400 ట్యాంకర్లు. అంటే ఆ చిన్న కెరె ఒక్కటే దాదాపు అంతా మింగేసి, మిగిలింది నిదానంగా అలుగు మీద వదులుతాది. కింద వీధికి తెలియను కూడా తెలియదు.

అదే కెరె ముందే అంచు దాకా నిండి ఉంటే? మూడు వేల ట్యాంకర్లకు చోటు లేదు. వచ్చినవి వచ్చినట్టే అలుగు మీద పడతాయి. అలుగు మూసుకుపోయి ఉంటే కట్ట మీద పడతాయి. కట్ట తెగితే ఆ రాత్రి వాన ఒక్కటే కాదు, చెరువులో పాత నీళ్ళు కూడా కలిసి వస్తాయి. అందుకే వానకాలం ముందు తూము తెరిచి రెండు మూడు అడుగులు దించి పెట్టుకోవాలి. వెనకటికి ఆ పని నీరుగంటిది. ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి మడికి ఎంత వదలాలో, కట్టలో ఎక్కడ చెమ్మ ఉందో వాడికి తెలుసు. కట్టకు మరమ్మతు చేసేవాళ్ళకు దశబంధం అని మాన్యం భూములు కూడా ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు కింద మడులు లేవు, నీరుగంటి లేడు. ఎన్నో కెరెల్లో తూములు పూడిపోయినాయి.

తెగినవి, నిలిచినవి

2019 నవంబరు 24, ఆదివారం. బన్నేరుఘట్ట రోడ్డు పక్కన హుళిమావు కెరె కట్టకు గండి పడింది. ఆ పూట పెద్ద వాన కూడా కాదు. కట్టను యంత్రంతో తవ్వడం వల్లనే తెగిందని అప్పట్లో పేపర్లలో వచ్చింది. వందల ఇండ్లల్లో నీళ్ళు దూరినాయి. జనాలను పడవల్లో తెచ్చినారు. పగటి పూట కాబట్టి ప్రాణాలు దక్కినాయి. అదే అర్ధరాత్రి అయి ఉంటే?

2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, అవుటర్ రింగ్ రోడ్డు వైపు చెరువులు పొంగినప్పుడు టీవీలో పెద్ద బంగళాలు, ట్రాక్టర్ల మీద ఆఫీసులకు పోయే పిల్లలు కనిపించినారు. ఆ పక్కనే షీటు ఇండ్లల్లో ఉండే కూలోళ్ళు ఎంత మంది తిండి, బట్ట పోగొట్టుకున్నారో టీవీలో అంతగా రాలేదు.

మన సీమలో 2021 నవంబరు 19న జరిగింది మీలో చాలామందికి తెలుసు. రాజంపేట వైపు చుట్టాలు ఉన్నవాళ్ళకు ఇంకా బాగా తెలుసు. పైన పింఛ ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళు వచ్చి చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టులో పడినాయి. దాని మట్టి కట్ట కూడా కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊర్లు మునిగినాయి. కార్తీక మాసం, గుళ్ళో దీపాలు పెట్టే దినాలు. ఎన్నో ప్రాణాలు పోయినాయి. గొలుసు చెరువుల్లో పైది తెగితే కిందది ఎట్ల తట్టుకోలేదో దీన్ని చూస్తే అర్థమవుతాది.

అదే వారంలో ఇంకోటి కూడా జరిగింది. తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు ఊట పడింది. చూసినవాళ్ళు వెంటనే చెప్పినారు. కింద ఊర్ల జనాలను ఖాళీ చేయించినారు. రాత్రింబవళ్ళు ఇసుక మూటలు వేసినారు. కట్ట నిలిచింది. రెండూ మట్టి కట్టలే. రాయలచెరువు దగ్గర ముందే చూసి, చెప్పి, చేయడానికి టైము దొరికింది.

ఇంకో సంగతి అమెరికాది. కాలేజీలో చదివే మా మనవరాలు చదివి చెప్పింది. జాన్స్‌టౌన్ అనే ఊరు. మన మాదిరి మిల్లు ఊరే, కానీ ఇనుము మిల్లు. ఊరికి 20 కిలోమీటర్లకు పైన కొండల్లో ఒక మట్టి కట్ట, దాని వెనక చెరువు. ఆ చెరువును పెద్ద పెద్ద షావుకార్ల క్లబ్బు ఒకటి కొనుక్కుంది, చేపలు పట్టి ఆడుకోవడానికి. వాళ్ళ గుర్రపు బండ్లు పోవాలని కట్ట పైభాగాన్ని కొంచెం దించినారు. చేపలు తప్పించుకోకూడదని అలుగుకు జాలి బిగించినారు. 1889 మే 31న పెద్ద వాన వచ్చింది. జాలికి చెత్త తట్టుకొని అలుగు మూసుకుపోయింది. నీళ్ళు కట్ట మీద పొర్లినాయి, కట్ట పోయింది. కింద ఊర్లో 2,209 మంది చనిపోయినారు. కోర్టుకు పోయినవాళ్ళకు ఆ క్లబ్బు నుంచి ఏమీ రాలేదు.

మిల్లులో లూమ్ నడిపినవాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. పడుగులో ఒక్క పోగు తెగితే అప్పుడే ఆపి ముడి వేసుకోవాలి. చూడకుండా వదిలితే గజాల గజాలు గుడ్డ పాడు. కట్టలో బుంగ కూడా అట్లనే మొదలవుతాది. ఒక పీత బొక్క, ఒక ఎలుక బొక్క, చెట్టు వేరు కుళ్ళిన సందు. దాంట్లో నుంచి నీళ్ళు సన్నగా వస్తాయి. వస్తా వస్తా మట్టిని తోడుకొని వస్తాయి. బొక్క పెద్దదవుతాది. కొన్ని గంటల్లో గండి.

మా అమ్మాయి వీధి

మా అమ్మాయి ఇల్లు ఒక చిన్న కెరె కట్ట కింద ఉండాది. కెరె పేరు, ఆఫీసు పేరు ఇక్కడ రాయను. ఒకనాడు పొద్దున తవ్వే యంత్రం వచ్చి కట్టకు అడ్డంగా మనిషి లోతు కాలువ తీసింది. పైపు వేస్తారంట. పైపు వేసి, తీసిన మట్టి అట్లనే లోపలికి తోసి పోయినారు. వానకాలానికి ఇంక నెల కూడా లేదు.

మా అమ్మాయి ఫోన్ చేసి, "నాయనా, కట్టను గెబిరి పోయినారు, నువ్వొచ్చి చూడు" అనింది. నేను పోయి చూస్తే కాలు పెడితే మడమ దిగబడతా ఉండాది. ఆ వీధిలో కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక వడ్డెర పెద్దాయన ఉన్నాడు. చిన్నప్పుడు వాళ్ళ నాయనతో చెరువు పనికి పోయినవాడు. ఆయన కట్టె పుల్ల ఒకటి తీసుకొని మట్టిలో గుచ్చినాడు. మూరెడు సులభంగా దిగింది. "ఇది కట్ట కాదబ్బా, పరుపు. తొలి వానకే కుంగుతాది. అంతా తీసి, గట్లను వాలుగా చెక్కి, జానెడు జానెడు వేసి, తడిపి కొట్టాల. లేకుంటే పాత మట్టికి కొత్త మట్టి అతకదు" అన్నాడు.

వీధిలో ఆడవాళ్ళు పద్నాలుగు మంది అర్జీ రాసుకొని ఆఫీసుకు పోయినారు. మొదటి దినం ఇది మాది కాదు, ఇంకో ఆఫీసు అన్నారు. ఇంకో ఆఫీసులో మళ్ళా అదే మాట. పోరుమామిళ్ళ శాసనంలో మూడో దోషం నాకు అప్పుడే జ్ఞాపకం వచ్చింది. మూడో సారి పోయినప్పుడు ఆడవాళ్ళు అర్జీ ఇచ్చి, సీలు వేసిన రసీదు ఇచ్చే దాకా మెట్ల మీదనే కూర్చున్నారు. రసీదు చేతిలో పడిన నాలుగో దినం ఇంజనీరు వచ్చి చూసినాడు. మంచి మనిషి. పెద్దాయన చెప్పింది విన్నాడు. మట్టి అంతా తీయించి, పొరలు పొరలుగా వేయించి, దిమ్మిస మిషనుతో కొట్టించినాడు. పెద్దాయన ప్రతి పొర మీదా పుల్ల గుచ్చి చూసినాడు. ఆ యేడు కెరె నిండింది. అలుగు పారిన దినం ఆడవాళ్ళు పసుపు కుంకుమ తీసుకొని పోయి గంగమ్మకు పూజ చేసినారు. నీళ్ళు అలుగు మీద పోయినాయి, ఇండ్లల్లోకి రాలేదు.

మీరు చూడాల్సినవి

మీ ఇంటికి పైన ఏ కెరె ఉందో ముందు కనుక్కోండి. మీ వీధి మోరీ ఎటు నుంచి వస్తా ఉందో దాని వెంట పైకి నడిస్తే సరి, కట్ట దొరుకుతాది. వానకాలం ముందు ఒకసారి, పెద్ద వాన పడిన మరుసటి పొద్దున ఒకసారి పోయి చూడండి. ఒంటరిగా పోవద్దు, నీళ్ళ పక్క దిగవద్దు.

కట్ట మీద నడిస్తే ఎక్కడైనా కుంగిందా, పగులు పొడుగ్గా పోయిందా చూడండి. ఎండు పక్క కింద చెమ్మ ఉందా చూడండి. తేటగా రవ్వంత ఊట ఉంటే గుర్తు పెట్టుకొని ఆఫీసుకు చెప్పండి, మళ్ళా మళ్ళా చూడండి. నీళ్ళు మట్టి రంగులో వస్తా ఉంటే అది బుంగ. అప్పుడు ఫోటో తీసుకుంటా నిలబడొద్దు. కింద వీధులకు కేక వేయండి, 112కు ఫోన్ చేయండి, పిల్లల్ని, ముసలోళ్ళను మిట్టకు చేర్చండి.

అలుగు దగ్గర గోడ గాని, షెడ్డు గాని, ప్లాస్టిక్ చెత్త గాని అడ్డం ఉందా చూడండి. మన చెత్త మనమే తీయొచ్చు. గోడకు అర్జీ పెట్టాలి. కట్ట మీద యంత్రం కనిపిస్తే ఏ ఆఫీసు, ఏ ఆర్డరు అని మర్యాదగా అడగండి, బండి నంబరు రాసుకోండి. నోటి మాట పని చేయదు. అర్జీ రెండు కాపీలు రాయండి, ఒకదాని మీద సీలు వేయించుకోండి.

ఇంటి కాగితాలు, రేషన్ కార్డు, పీఎఫ్ పుస్తకం, పిల్లల మార్కుల కార్డులు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి పైన మేకుకు తగిలించండి. సైటు కొనాలనుకునే పిల్లలకు ఒక మాట చెప్పండి. ఎండాకాలంలో చూసి బయానా ఇవ్వొద్దు, ఒక పెద్ద వాన పడినాక పోయి చూసి ఇమ్మనండి. ఆ వీధిలో పాతకాలం ముసలమ్మను ఒకామెను పలకరిస్తే, వెనక నీళ్ళు ఏ గడప దాకా వచ్చినాయో గోడ మీద వేలు పెట్టి చూపిస్తాది. బ్రోకరు చెప్పేదానికంటే ఆ వేలు నమ్మండి.

మన పేటల్లో ఇరవై ముప్పై మంది రిటైరైనవాళ్ళం ఊరికే కూర్చొని ఉన్నాం. పొద్దున నాలుగు గంటలకు మెలకువ వచ్చే అలవాటు షిఫ్టుల కాలం నుంచి ఉంది. వారానికి ఒక పొద్దు ఒక్కో కట్ట మీద నడిస్తే మన ఒంటికీ మంచిది. ఒక నోటు పుస్తకంలో తారీకు, నీళ్ళు ఎంత, అలుగు ఎట్ల ఉంది, ఊట ఉందా లేదా అని నాలుగు వరుసలు రాస్తే చాలు. రావాలనుకునేవాళ్ళు పత్రిక ఆఫీసులో పేరు, మీ వీధి, మీ పైన కెరె పేరు రాసి ఇవ్వండి. ఏ వారం ఏ కట్ట అనేది అందరం కూర్చొని వేసుకుందాం.